ఇరవై టిక్కీల బేరం: కంపెనీ కంప్యూటరా, అసెంబుల్డా?

విజయవాడ ఆటోనగర్ దారిన పోయేవారికి కొత్త లారీలు వెనుక తొట్టి లేకుండా, ఎముకల గూడులా నిలబడి కనబడుతుంటాయి. ఇంజను, చక్రాలు, ఛాసిస్ కంపెనీవి. వాటిమీద బాడీ కట్టేది ఆటోనగర్ షెడ్లలోని వెల్డర్లు, వడ్రంగులు, రంగులవాళ్ళు. గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి పొలాల్లో తిరిగే ట్రాక్టర్ల సంగతీ ఇంతే. ఇంజను షోరూములో కొన్నది. వెనుక తగిలించిన ట్రక్కు దగ్గరి పట్టణంలో వెల్డింగు షాపువాడు చేసి ఇచ్చింది. మొత్తం కంపెనీదే కావాలని రైతు ఏనాడూ పట్టుబట్టలేదు. అలాగని ఇంజను కూడా తానే చేసుకుంటానని ఎవరూ బయలుదేరలేదు.

సరిగ్గా ఈ బేరమే ఇప్పుడు కంప్యూటరు రూపంలో ఇళ్ళలోకి వచ్చింది. ఇంజనీరింగు చదివే కొడుకో, ఇంటరు పూర్తిచేసిన కూతురో ‘గేమింగ్ కంప్యూటరు’ కావాలంటారు. తయారుగా వున్న కంపెనీ పెట్టె కొనడమా, విడిభాగాలు తెచ్చి బిగించుకోవడమా అన్న దగ్గర ఇంట్లో నాలుగు రోజులు వాదన నడుస్తుంది. పిల్లలు యూట్యూబు చూసి లెక్కలు చెబుతారు. తండ్రికి తెలిసిన లెక్క ఒకటే: ఆ డబ్బు ఏ పంటలోంచి రావాలన్నది.

డబ్బు చిన్నదేమీ కాదు. ఆటలు తడబడకుండా ఆడే కంప్యూటరు, తెరతో సహా, లక్ష రూపాయలకు అటూ ఇటూగా వుంటుంది. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోయినప్పుడు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది. ఆ ధరన లక్ష రూపాయలంటే ఎనిమిదిన్నర క్వింటాళ్ళ ఎండుమిర్చి. గుంటూరు యార్డు భాషలో చెప్పాలంటే ఇరవై టిక్కీలు. పత్తిలో అయితే, 2025-26 సీజనుకు పొడవు పింజకు ఇచ్చిన మద్దతు ధర 8,110 రూపాయల చొప్పున, పన్నెండు క్వింటాళ్ళు దాటుతుంది. వర్షాధారపు చేలో ఎకరానికి అంత దిగుబడి వస్తే ఆ రైతును అదృష్టవంతుడనే అంటారు.

ఇంతకూ గేమింగ్ కంప్యూటరంటే వేరే జాతి యంత్రమేమీ కాదు. మామూలు కంప్యూటరుకు బొమ్మలను వేగంగా గీసే గ్రాఫిక్స్ కార్డు అనే భాగం, దానికి తగిన కరెంటు సరఫరా, వేడిని బయటికి నెట్టే ఫ్యాన్లు అదనంగా వుంటాయి. ఆ పెట్టె మీదనే ఆటోక్యాడ్ నడుస్తుంది, పెళ్ళి వీడియో ఎడిటింగు నడుస్తుంది. చిలకలూరిపేట, అద్దంకి, పర్చూరు వంటి చోట్ల ఫోటో స్టూడియోల వారి బల్లల మీద వుండేవి ఇంచుమించు ఇలాంటి యంత్రాలే. కాబట్టి ‘ఆటలకా ఇంత డబ్బు’ అని మొదటి మాటలోనే కొట్టిపారేయనక్కరలేదు. డబ్బు పెట్టి ఆడే ఆటల మాట వేరు. ఆన్‌లైన్ రమ్మీ, పేకాటలను రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. కంప్యూటరు మీద కారు పందేలు, క్రికెట్టు ఆడుకోవడానికీ దానికీ పొత్తు లేదు.

లోపల వున్నవి ఎనిమిది వస్తువులే

పెట్టె మూత తీసి చూస్తే లోపల లెక్కకు ఎనిమిది వస్తువులు కనబడతాయి. లెక్కలు చేసే ప్రాసెసరు, అన్నిటినీ కలిపే మదర్‌బోర్డు, పని జరుగుతున్నంతసేపు సమాచారాన్ని పట్టివుంచే ర్యామ్, దాచివుంచే ఎస్‌ఎస్‌డి, గ్రాఫిక్స్ కార్డు, ఇంటి కరెంటును తక్కువ వోల్టేజికి మార్చి అందరికీ పంచే ఎస్‌ఎంపిఎస్, ప్రాసెసరు మీద కూర్చునే కూలరు, వీటన్నిటినీ మోసే క్యాబినెట్టు. అంతే.

ముఖ్యంగా గ్రహించవలసింది ఏమంటే, పేరు మోసిన కంపెనీలు కూడా వీటిని సొంతంగా తయారు చేసుకోవు. ప్రాసెసరు ఇంటెల్‌దో ఏఎండిదో అయి వుంటుంది. గ్రాఫిక్స్ కార్డులోని చిప్పు చాలావరకు ఎన్విడియాది, లేకుంటే ఏఎండిది. ర్యామ్‌లోని చిప్పులు ఎక్కువగా శాంసంగ్, ఎస్‌కె హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీల నుంచే ప్రపంచమంతటికీ వెళతాయి. షోరూములో అద్దాల వెనుక మెరిసే పెట్టెలోనూ, అరండల్‌పేటలో చిన్న షాపువాడు బల్ల మీద బిగిస్తున్న పెట్టెలోనూ అసలు సరుకు ఒకే ఫ్యాక్టరీలది.

ఇలా జరగడానికి కారణం ఒక పాత కథ. 1981 ఆగస్టులో ఐబిఎం తన ‘పర్సనల్ కంప్యూటరు’ను విడుదల చేసినప్పుడు, తొందరగా బజారులోకి రావాలన్న ఆత్రంతో బయట దొరికే విడిభాగాలతోనే దాన్ని కట్టింది. ప్రాసెసరు ఇంటెల్‌ది, నడిపించే సాఫ్ట్‌వేరు మైక్రోసాఫ్ట్‌ది. ఏ భాగం దేనికి ఎలా అతుకుతుందో వివరంగా పుస్తకమే అచ్చువేసి అమ్మింది. దాంతో అదే నమూనాను మిగతా కంపెనీలు దించేశాయి. 1982 చివరలో కాంపాక్ కంపెనీ ప్రకటించిన యంత్రం వాటిలో పేరుపొందింది. 1984లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం హాస్టలు గదిలో వెయ్యి డాలర్ల పెట్టుబడితో కంప్యూటర్లకు అదనపు భాగాలు బిగించి అమ్మడం మొదలుపెట్టిన కుర్రవాడు మైకేల్ డెల్. ఈనాడు ఆయన పేరున వున్నది ప్రపంచంలోని పెద్ద ‘కంపెనీ కంప్యూటరు’ సంస్థలలో ఒకటి. రెడీమేడ్ పెట్టె పుట్టుకే బిగింపు బల్ల మీద జరిగిందన్న మాట.

మన దేశంలో 1984 నవంబరులో రాజీవ్ గాంధీ ప్రభుత్వం కొత్త కంప్యూటరు విధానం ప్రకటించి దిగుమతి నిబంధనలను, సుంకాలను సడలించింది. ఆ తరువాతి పదేళ్ళలో సికింద్రాబాదులో, చెన్నైలోని రిచీ స్ట్రీటులో, ఢిల్లీలోని నెహ్రూ ప్లేసులో విడిభాగాల బజార్లు పెరిగాయి. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటరు పేరు తెలియని కంప్యూటరు మెకానిక్కు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వుండడు. 2000 సంవత్సరం ప్రాంతంలో పట్టణాల్లో వీధికొకటిగా వెలసిన ఇంటర్నెట్ సెంటర్లు, కోచింగు సెంటర్లు చాలావరకు నడిచింది అసెంబుల్డు కంప్యూటర్ల మీదనే.

ధర నిలకడ లేనిది

‘అసెంబుల్డయితే చవక’ అన్న మాట జనం నోట స్థిరపడిపోయింది. మామూలు రోజుల్లో అది నిజమే. కంపెనీ పెట్టె ధరలో ప్రచారం, రవాణా, డీలరు లాభం, ఇంటికొచ్చి బాగుచేసే సర్వీసు ఖర్చు అన్నీ కలిసి వుంటాయి. పన్నులో మాత్రం తేడా లేదు. కంప్యూటరు మొత్తంగా కొన్నా, ముక్కలుగా కొన్నా జిఎస్‌టి 18 శాతమే.

అయితే ఈ సరుకు ధర కూడా మిరపకాయ ధర లాంటిదే. ఒక ఏడాది వున్నట్టు మరో ఏడాది వుండదు. 2020 చివర నుంచి 2022 దాకా గ్రాఫిక్స్ కార్డులు దొరకక, దొరికినా రెట్టింపు ధర పలికి కొనేవారు విసిగిపోయారు. కోవిడ్ వల్ల చిప్పుల కొరత ఒక కారణం. ఆ కార్డులతో ‘ఇథీరియం’ అనే డిజిటల్ నాణేలను తవ్వుకునేవారు వందల కొద్దీ కొనుక్కుపోవడం రెండవది. ఆ రోజుల్లో కార్డు విడిగా కొనడం కంటే, కార్డుతో సహా కంపెనీ పెట్టె కొనడమే లాభసాటి అయింది. పెద్ద కంపెనీలకు ముందస్తు ఒప్పందాలు వుంటాయి కాబట్టి వాటికి సరుకు అందింది. చిల్లర బజారుకు అందలేదు. 2022 సెప్టెంబరులో ఇథీరియం పద్ధతి మారి, తవ్వకం ఒక్కసారిగా ఆగింది. రాత్రింబగళ్ళు నడిచి అలసిన ఆ కార్డులన్నీ సెకండ్‌హ్యాండు బజారులోకి దిగాయి. తుడిచి, అట్టపెట్టెలో పెట్టి కొత్తవిగా అంటగట్టినవారూ లేకపోలేదు.

2025 చివరి నెలల్లో వంతు ర్యామ్‌కు వచ్చింది. కృత్రిమ మేధ కోసం పెద్ద దేశాల్లో కడుతున్న డేటా సెంటర్లకు చిప్పులు తరలిపోయి, కొద్ది నెలల్లోనే ర్యామ్ ధర రెట్టింపు దాటింది. మైక్రాన్ కంపెనీ అయితే ‘క్రూషియల్’ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటి సమయంలో పాత ధరకు కొని పెట్టుకున్న కంపెనీ పెట్టెలు షోరూములో మిగిలి వుంటే అవే చవక కావచ్చు. అందుచేత ఎవరో రెండేళ్ళ కింద చెప్పిన లెక్కను పట్టుకుని పోవడం, నిరుటి రేటు చెప్పి ఈ యేడు కాయ అమ్మబోవడం లాంటిదే. రెండు రకాల ధరలూ ఒకే రోజున కాగితం మీద రాసుకుని చూస్తే గాని తేలదు.

చూసి చూసి కొనవలసిన చోట్లు

ధర కంటే పెద్ద చిక్కు పెట్టె లోపల ఏముందో తెలియకపోవడం. తయారు పెట్టె అమ్మేవారు ప్రాసెసరు పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్ద అక్షరాలతో రాస్తారు. కొనేవారు అడిగేది ఆ రెండే కాబట్టి. ఎస్‌ఎంపిఎస్ సంగతి అడిగేవాడు వుండడు. ధర తగ్గించవలసి వచ్చినప్పుడు ముందుగా కోత పడేది దానికే. నాసిరకం ఎస్‌ఎంపిఎస్ పోయేటప్పుడు ఒక్కతే పోదు. ఒక్కొక్కప్పుడు మదర్‌బోర్డునూ, ఇరవై ముప్పై వేల గ్రాఫిక్స్ కార్డునూ వెంటబెట్టుకు పోతుంది.

రెండవ కోత ర్యామ్‌లో. 16 జిబి అని రాసి వుంటుంది, అది అబద్ధం కాదు. కాని 8 జిబివి రెండు బదులు 16 జిబిది ఒకటే గుచ్చి వుంటుంది. ఒంటెద్దు బండికీ జోడెద్దుల బండికీ వున్న తేడా ఇక్కడా వుంది: రెండు పుల్లలు జంటగా వున్నప్పుడే ప్రాసెసరుకు సమాచారం పూర్తి వేగంతో అందుతుంది.

కొన్ని పెద్ద కంపెనీలు మరో పని చేస్తాయి. మదర్‌బోర్డు, ఎస్‌ఎంపిఎస్ రెండూ బజారులో దొరికే కొలతల్లో కాక తమ సొంత కొలతల్లో చేయిస్తాయి. గ్యారంటీ వున్నన్నాళ్ళు ఇబ్బంది లేదు. అది తీరిన ఆరు నెలలకు ఎస్‌ఎంపిఎస్ కాలిపోతే గుంటూరు బజారంతా తిరిగినా అందులో పట్టేది దొరకదు. ఆ కంపెనీ దగ్గరే, అది చెప్పిన ధరకే కొనాలి. కొనేముందు ‘ఇందులో మామూలు ఏటిఎక్స్ ఎస్‌ఎంపిఎస్ పడుతుందా’ అని ఒక్క ప్రశ్న వేస్తే ఈ బాధ వుండదు.

వీటన్నిటినీ మించిన మోసం ఇంకొకటి. రంగురంగుల లైట్లు వెలిగే కొత్త క్యాబినెట్టులో ఆఫీసుల నుంచి తీసేసిన పాత సామాను పెట్టి, ‘ఐ-7 గేమింగ్ పీసీ’ అని ఇరవై పాతిక వేలకు అమ్ముతారు. ఐ-7 అన్న మాట నిజమే. కాని అది 2013 నాటి నాల్గవ తరానిది అయి వుంటుంది. 2022లో వచ్చిన పన్నెండవ తరం ఐ-3 దానికంటే చురుకైనది. తేజా అన్న పేరు ఒకటే అయినా, రెండేళ్ళు కోల్డు స్టోరేజీలో మగ్గిన కాయకూ ఈ యేటి కళ్ళంలో కాయకూ తేడా యార్డులో గుమాస్తా అయినా చెబుతాడు. కంప్యూటరులో ఆ తేడా చెప్పేది పేరు వెనుక వుండే అంకెలు. పైగా 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదవ తరానికి ముందువాటిని నియమం ప్రకారం ఒప్పుకోదు. అంటే ఆ పెట్టె కొన్ననాడే ముసలిది.

విడిభాగాలు కొనేవారికీ గండాలు లేకపోలేదు. కంపెనీ డబ్బా లేకుండా విడిగా వచ్చే ప్రాసెసర్లను బజారులో ‘ట్రే’ సరుకు అంటారు. కొద్దిగా చవక. కాని కొన్నవాడికి తయారీ కంపెనీ నేరుగా ఇచ్చే మూడేళ్ళ గ్యారంటీ దానికి వుండదు. షాపువాడి నోటిమాటే గ్యారంటీ. పాత గ్రాఫిక్స్ కార్డు లోపలి ప్రోగ్రాం మార్చి కొత్త కార్డు పేరు చూపించేలా చేసిన నకిలీలూ తిరుగుతున్నాయి. జిపియు-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూస్తే అలాంటి చాలా కార్డులను నకిలీ అని అదే పట్టి ఇస్తుంది. డబ్బు చేతులు మారకముందే షాపులోనే వేసి చూడమనాలి.

విత్తనాల సంచీ నేర్పిన పాఠం

ఈ మైదానాల రైతుకు బిల్లు విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. 2002లో బిటి పత్తికి అనుమతి వచ్చిన తరువాత పత్తి విత్తనమంటే దాదాపుగా ప్యాకెట్టుదే అయింది. ప్యాకెట్టు వెంట నకిలీలు వచ్చాయి. బిల్లు లేకుండా విడిగా అమ్మే విత్తనం కొన్నవారు, మొలక రాకపోతే, కాయ పట్టకపోతే ఎవరినీ అడగలేకపోయారు. బిల్లు, లాట్ నంబరు వున్న ప్యాకెట్టు దాచుకున్నవారు కనీసం వ్యవసాయాధికారి ముందు నిలబడగలిగారు.

కంప్యూటరు విడిభాగానికి లాట్ నంబరు వంటిదే సీరియల్ నంబరు. అసెంబుల్డు కొనేవారు చేసే తప్పులలో పెద్దది, షాపువాడు ‘కంప్యూటరు ఒకటి – ఇంత’ అని ఒక్క వరుసలో రాసిన బిల్లు పుచ్చుకోవడం. ఇంకా అధ్వాన్నం, జిఎస్‌టి తప్పుతుందని తెల్ల చీటీ మీద రాయించుకోవడం. పద్దెనిమిది శాతం మిగిలిందనుకుంటారు. గ్యారంటీ మొత్తం పోతుందని తరువాత తెలుస్తుంది. బిల్లులో ఒక్కొక్క భాగం పేరు, మోడలు, సీరియల్ నంబరు విడివిడిగా వుండాలి. డబ్బాలన్నీ ఇంటికి తెచ్చి అటక మీద పెట్టుకోవాలి. అట్టపెట్టెలెందుకని ఇంట్లో ఆడవాళ్ళు పారేసిన తరువాత గ్యారంటీ కోసం వెతికిన ఇళ్ళు తక్కువేమీ కాదు.

ఈ కాగితం చేతిలో వుంటే అసెంబుల్డు పెట్టెది ఒక విధంగా పైచేయి. కంపెనీ పెట్టెకు సాధారణంగా ఒక ఏడాది, మహా అయితే మూడేళ్ళు గ్యారంటీ. విడిభాగాల్లో ప్రాసెసరుకు మూడేళ్ళు, మదర్‌బోర్డుకు, గ్రాఫిక్స్ కార్డుకు చాలావరకు మూడేళ్ళు, ఎస్‌ఎస్‌డికి మూడు నుంచి అయిదు, మంచి ఎస్‌ఎంపిఎస్‌కు అయిదు నుంచి పదేళ్ళ దాకా వుంటుంది. అయితే ఆ గ్యారంటీని నడిపించుకోవడం కొన్నవాడి పని. ఏ భాగం చెడిందో ముందు తేల్చాలి, ఆ కంపెనీ సర్వీసు సెంటరు ఏ నగరంలో వుందో చూసి పంపాలి, వచ్చేదాకా కూర్చోవాలి. కంపెనీ పెట్టె అయితే ఒక్క ఫోను. కొన్ని కంపెనీల మెకానిక్కు ఇంటికే వస్తాడు. ఊరి పిన్‌కోడుకు ఆ ఏర్పాటు వుందో లేదో మాత్రం కొనకముందే అడగాలి. పట్టణానికి వున్న సర్వీసు పల్లెకు వుండకపోవచ్చు.

బిల్లు వున్నా షాపువాడో కంపెనీయో మొండికేస్తే జిల్లా వినియోగదారుల కమిషన్ వుంది. గుంటూరులోనూ ఒంగోలులోనూ ఇవి పనిచేస్తున్నాయి. 2020 జులైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, సరుకు హైదరాబాదులో కొన్నా, ఆన్‌లైనులో తెప్పించినా, కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. అంతదాకా పోకముందు 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకునే ఏర్పాటు కూడా వుంది.

బిగించడం బ్రహ్మవిద్యా?

కాదు. ఒక స్టారు స్క్రూడ్రైవరు, ఒక పూట తీరిక, తొందరపడని చేయి చాలు. డ్రిప్పు పైపులు అతికి, స్ప్రేయరు విప్పి మళ్ళీ బిగించిన చేతికి ఇది కొత్త విద్య కాదు. ప్రతి భాగానికీ గాడి వుంటుంది. తిప్పి పెడితే దిగదు. దిగలేదంటే పెట్టే తీరు తప్పని అర్థం. బలం ఉపయోగించిన చోటల్లా నష్టమే.

భయపడవలసిన చోటు ఒకటుంది. ఇప్పటి మదర్‌బోర్డుల్లో ప్రాసెసరు కూర్చునే గూటిలో వెంట్రుకల వంటి సన్నని పిన్నులు వందల కొద్దీ వుంటాయి. ప్రాసెసరు మూల మీద చిన్న త్రికోణం గుర్తు వుంటుంది. దాన్ని గూటి మూల మీద గుర్తుతో సరిచూసి, నెమ్మదిగా వదలాలి. చేయి జారి పిన్ను వంగితే గ్యారంటీ వర్తించదు. బోర్డు డబ్బు పోయినట్టే. నైలాను చీరె మీదో, తివాచీ మీదో కూర్చుని ఈ పని చేయకూడదు. ముందు ఏదయినా ఇనుప వస్తువును ముట్టుకుంటే ఒంటిలో చేరిన విద్యుత్తు దిగిపోతుంది.

మిగతావన్నీ చిన్న పొరపాట్లు. ప్రాసెసరుకు ప్రత్యేకంగా పెట్టవలసిన ఎనిమిది పిన్నుల వైరు మరచిపోవడం. కూలరు అడుగున అంటించిన ప్లాస్టిక్ కాగితం తీయకుండానే బిగించడం. ర్యామ్ జంటను పక్కపక్క గాళ్ళలో గుచ్చడం. అన్నింటిలోకీ నవ్వు తెప్పించేది ఇంకొకటి వుంది. ముప్పై వేలు పోసి గ్రాఫిక్స్ కార్డు పెట్టి, తెర వైరును మాత్రం మదర్‌బోర్డు వెనుక రంధ్రంలో గుచ్చి, ‘కార్డు పనిచేయడం లేదు’ అని షాపు మీదికి పోవడం. వైరు ఒక జానెడు కిందికి మార్చగానే సరిపోయే జబ్బు అది.

ఇక మధ్యేమార్గం. భాగాలు ఇంట్లోవాళ్ళే ఎంచుకుని, ఒక్కొక్కదానికీ బిల్లు రాయించుకుని, బిగింపు మాత్రం షాపువాడిచేత కళ్ళెదుట చేయించుకోవడం. చాలా షాపులు కొద్ది వందల రూపాయలకో, ఉచితంగానో బిగించి ఇస్తాయి. పిన్ను వంగితే బాధ్యత షాపువాడిది. పక్కన నిలబడి చూసిన పిల్లవాడికి తరువాత తానే మూత తీసే ధైర్యం వస్తుంది. కంపెనీ ఛాసిస్ మీద ఆటోనగర్ బాడీ అన్న పద్ధతి ఇదే. లక్ష రూపాయలు పెట్టే పల్లెటూరి ఇంటికి ఎక్కువగా నప్పేదీ ఇదే. అయితే కంప్యూటరు మూత తీయాలన్న ఆసక్తి ఎవరికీ లేని ఇంటికి, పనికి రోజూ అవసరమై రెండు రోజులు ఆగినా నష్టమయ్యే స్టూడియోకు, ఇంటి దగ్గరికి సర్వీసు వచ్చే కంపెనీ పెట్టె కొనడమే తెలివి. నాలుగు డబ్బులు ఎక్కువయినా అవి దండగ కావు. హాస్టల్లో వుండి చదివే పిల్లలకు ఈ రెండూ వద్దు. మోసుకుపోయే ల్యాప్‌టాప్ కొనాలి.

ఊరి కరెంటు, ఇంటి నిండా పత్తి

నగరంలో వుండి సలహా చెప్పేవారు మరచిపోయే సంగతులు రెండున్నాయి. మొదటిది కరెంటు. సాయంత్రం వేళ పల్లెల్లో వోల్టేజి దిగిపోవడం, తెల్లవారుజామున ఎగరడం తెలిసిందే. ఎస్‌ఎంపిఎస్ పక్కన అంటించిన చీటీ మీద ‘100–240 వోల్టులు’ అని వున్నది కొనాలి. చవక రకాల మీద 200 నుంచి 240 అని మాత్రమే వుంటుంది. అవి మన సాయంత్రాలకు పనికిరావు. బజారులో ఎక్కువగా అమ్ముడుపోయే 600 విఎ యుపిఎస్ మోసేది సుమారు 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు గట్టిగా పనిచేసే వేళ, తెరతో కలిపి, అది చాలకపోవచ్చు. కరెంటు పోయిన క్షణంలోనే యుపిఎస్ కూడా ‘కీ’ మని ఆరిపోతుంది. వెయ్యి విఎ, ఆ పైది తీసుకోవాలి.

ఎర్తు సంగతి అంతకంటే ముఖ్యం. క్యాబినెట్టు మీద చేయి పెడితే జివ్వుమంటున్నదంటే కంప్యూటరు చెడిందని కాదు, ఇంటికి ఎర్తు లేదని. గొయ్యి తీసి, బొగ్గు, ఉప్పు వేసి, పైపు దించి, ఎండాకాలంలో నాలుగు బిందెల నీళ్ళు పోస్తే పోయే దానికి వేలకు వేలు పెట్టి బోర్డులు మార్చినవారున్నారు. ఎలక్ట్రీషియను చేత సరిచేయించిన తరువాతే కొత్త పెట్టెను ప్లగ్గులో పెట్టడం మేలు.

రెండవది ధూళి. పత్తి తీతల రోజుల్లో నడిమింట్లో, వసారాలో పత్తి పోసుకునే ఇళ్ళు ఈ జిల్లాల్లో వేలు. గాలిలో తేలే సన్నని పింజను కంప్యూటరు ఫ్యాన్లు లోపలికి లాగి కూలరు రెక్కల మధ్య పరుపులా పేరుస్తాయి. గాలి ఆడక వేడి పెరుగుతుంది. యంత్రం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఆట తడబడుతుంది. కార్డు నాసిరకమని షాపువాణ్ణి తిడతారు. రెంటచింతల వంటి చోట్ల మే నెల ఎండకు ఇది తోడయితే చెప్పనక్కరలేదు. ముందువైపు అంతా అద్దంతో మూసివున్న క్యాబినెట్టు చూపుకు బాగుంటుంది గాని ఇక్కడి ఎండలకు పనికిరాదు. జల్లి వున్నది, విప్పి దులుపుకునే ఫిల్టరు వున్నది ఎంచుకోవాలి. పెట్టెను నేల మీద కాక మోకాలెత్తు బల్ల మీద వుంచాలి.

పత్తి అమ్మేసిన తరువాత ఒకసారి, కళ్ళంలో మిరపకాయ ఎత్తిన తరువాత మరొకసారి మూత తీసి శుభ్రం చేసుకుంటే చాలు. ప్లగ్గు పీకి, ఫ్యాను రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, చేతి బ్లోయరుతో దూరం నుంచి కొట్టాలి. పంక్చరు షాపు గాలిలో తేమ వస్తుంది, అది వద్దు. మూత మీద ‘తీస్తే గ్యారంటీ చెల్లదు’ అన్న చీటీ అంటించి వుంటే, ఏడాదికి రెండుసార్లు దాన్ని ఎవరు తీస్తారో, ఎక్కడ తీస్తారో, ఎంత తీసుకుంటారో షాపులో డబ్బు కట్టేముందే అడిగి, ఆ మాట బిల్లు వెనుక రాయించుకోవాలి.